కత్తికో ఒర

కిందటి వేసవిలో మా వంటింట్లో చెయ్యి తెగింది. నాది కాదు, అంట్లు తోమడానికి వచ్చే ఆమెది.

ఆవకాయ పెట్టిన రోజది. కాయలు రైతుబజారులోనే కొట్టించుకొచ్చాను కాబట్టి పెద్ద కత్తితో పని పడలేదు. ముక్కల్లో జీడి తీయడానికి వాడిన చిన్న చాకును యథాలాపంగా సింకులో పడేశాను. దాని మీద బేసిను, బేసిను మీద పళ్లేలు, అన్నిటి మీదా నూనె జిడ్డూ సబ్బు నురగా. ఆమె రోజూ పెట్టినట్టే నురగలోకి చెయ్యి పెట్టింది. బొటనవేలి మొదట్లో రెండు కుట్లు పడ్డాయి. నాలుగు రోజుల తరవాత పనికొచ్చి, గిన్నెలు ముట్టుకునే ముందు నెమ్మదిగా అంది: "అమ్మా, కత్తి గిన్నెలల్ల ఎయ్యకుండ్రి. పక్కకు పెట్టుండ్రి."

పక్కకు అంటే ఎక్కడ? నా దగ్గర జవాబు లేదు. చాకు కొన్నది నేను, దాని చోటు గురించి ఆలోచించనిది నేను, తెగింది ఆమె చెయ్యి. ఆ లెక్క ఎటు తిప్పి చూసినా నాకు అనుకూలంగా రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో పదునున్నవన్నీ బయటికి తీశాను. ఐదు తేలాయి. ఒకటి గరిటెల స్టాండులో మొన పైకి చేసుకుని నిలబడి ఉంది. ఒకటి సొరుగులో అగ్గిపెట్టె, గ్యాసు లైటరు, తురుముపీట, రబ్బరు బ్యాండ్లు, కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తులు, వీటన్నిటి అడుగున. మూడోది ఆ జీడి తీసిన చాకే. నాలుగోది మా తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిచ్చిన జపాన్ కత్తి. పాడవుతుందేమోనని అట్టపెట్టెతో సహా ఫ్రిజ్ మీద దాచాను, అంటే వాడటమే మానేశాను. ఐదోది అమ్మమ్మ కత్తిపీట. పాత తువ్వాలు చుట్టుకుని గ్యాసు సిలిండరు పక్కన ముడుచుకుని ఉంది. ఏది ఎప్పుడు ఎలా ఇంటికొచ్చిందో ఐదింటికీ చెప్పగలను. ఎక్కడ ఉండాలో ఒక్కదానికీ చెప్పలేకపోయాను.

చూరులో కొడవలి

పదునున్న వస్తువుకు ఇంట్లో చోటు లేకపోవడం మనకు కొత్త. తాటాకింట్లో కొడవలికి చూరు ఉండేది. పొలం నుంచి వచ్చిన మనిషి గుమ్మం దాటకముందే చూరాకుల మధ్య దాన్ని గుచ్చేసి లోపలికి వెళ్లేవాడు. అంచు ఆకులోకి దూరిపోయేది. పిడి మాత్రం మర్నాడు పొద్దున్న చూడకుండానే చేతికి అందేలా బయట ఉండేది. చుట్టూ గాలి ఆడేది. అంచు దాగాలి, పిడి అందాలి, గాలి తగలాలి. ఇవాళ దుకాణంలో ఎంత ఖరీదైన కత్తుల స్టాండు చూసినా నేను ఈ మూడింటితోనే తూస్తున్నాను. చాలావాటిలో ఒకటో రెండో తగ్గుతున్నాయి.

కత్తిపీట సంగతి ఇంకా ముచ్చటైనది. మామూలు కత్తికి కూరగాయ కదలదు, కత్తి కదులుతుంది. కత్తిపీటలో తిరకాసు. పీట మీద కాలు వేసి తొక్కి పెడితే కత్తి కదలకుండా నిలబడుతుంది, రెండు చేతులా కూరగాయను పట్టుకుని దాని మీదికి తోస్తాం. బెంగాలీలు దీన్ని బోటీ అంటారు, మరాఠీలు విళీ, తమిళులు అరువామణై. మన ఇళ్లలో కొన్నిటికి కొసన కొబ్బరి కోరుకునే పళ్లు కూడా ఉంటాయి. పని అయ్యాక దానికి ప్రత్యేకంగా స్టాండు అక్కర్లేదు. పక్కకు పడుకోబెట్టి, అంచు గోడవైపు తిప్పి, గోడవారగా జరిపితే చాలు. మడత కత్తిపీటలైతే మరీ సులువు, కత్తి వచ్చి పీట మీదే వాలిపోతుంది.

కోనసీమలో మా అమ్మమ్మకు దీని మీద చట్టాలుండేవి. కత్తిపీట నిలబెట్టి లేవకూడదు, ఇంట్లో గొడవలొస్తాయి. కత్తిపీట దాటకూడదు. కత్తి చేతికి చెయ్యి ఇవ్వకూడదు, కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. ఇవన్నీ వేళ్లు కాపాడుకునే జాగ్రత్తలే కదా అని ఎవరైనా పెద్దల విజ్ఞానాన్ని పొగడబోతే నేను సగం దాకానే తలూపుతాను. ఎందుకంటే అదే అమ్మమ్మ బాలింత తలగడ కింద కూడా చాకు పెట్టించేది, గాలీ ధూళీ సోకకుండా ఇనుము కాపలా అని. పసిబిడ్డ తలకు జానెడు దూరంలో చాకు! కాబట్టి పాతదంతా శాస్త్రం కాదు. కానీ ఒక్కటి నిజం: ఆవిడ ఇంట్లో చాకు ఏ క్షణాన ఎక్కడుందో ఆవిడకు తెలుసు.

ఎలా తెలిసేది? ఈ మధ్యే నాకు తట్టిన సమాధానం ఇది. ఆవిడ కత్తిపీటది పచ్చి ఇనుము. అరటికాయ తరిగితే ముక్కా నల్లబడేది, కత్తీ నల్లబడేది. కాయలోని వగరు ఇనుముతో కలిస్తే వచ్చే నలుపది, అందుకే ముక్కల్ని మజ్జిగ నీళ్లలో వేసేది. పచ్చిమామిడి తరిగిన కత్తిని గంటసేపు అలాగే వదిలేస్తే పులుపు దాన్ని తినేసేది. కాబట్టి పని అయిన వెంటనే చింతపండు తొక్కుతో తోమాలి, పొడిబట్టతో తుడవాలి, వానాకాలమైతే చుక్క కొబ్బరినూనె రాయాలి. నూనె రాసిన కత్తిని ఎవరూ సింకులో వెయ్యరు. చేతిలో ఉంది కాబట్టి, తుడిచారు కాబట్టి, దాని చోట దాన్ని పెట్టేస్తారు. తుప్పు భయమే కత్తికి చోటు చూపించింది.

ఆ భయాన్ని తీసేసింది స్టెయిన్‌లెస్ స్టీలు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో 1913లో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా నిలిచే ఉక్కు కోసం ప్రయోగాలు చేస్తూ, సుమారు 13 శాతం క్రోమియం కలిపిన ఉక్కుకు మచ్చ పడటం లేదని గమనించాడు. షెఫీల్డ్ అంటే తరతరాలుగా కత్తుల ఊరు. తుపాకుల మాట ఎలా ఉన్నా ఈ ఉక్కు చాకులకు పనికొస్తుందని ఆయనకు వెంటనే తట్టింది. ఆ చాకు ఊళ్లూ సముద్రాలూ దాటి మన ఇంటికొచ్చింది. తుడవక్కర్లేదు, నూనె రాయక్కర్లేదు, ఎక్కడ పడేసినా ఏమీ కాదు. ఆ ధైర్యమే దాన్ని సింకులోకి తోసింది.

ధైర్యం కూడా పూర్తిగా నిజం కాదు. ఇంట్లో ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం బొమ్మ ఉంటే తీసి చూడండి. మంచి రకం స్టీలు గిన్నెకు అది సాధారణంగా అంటుకోదు, చాకుకు అంటుకుంటుంది. రెంటినీ స్టీలే అంటాం కానీ రెండూ ఒక ఉక్కు కాదు. పదును నిలవాలంటే చాకు ఉక్కు గట్టిగా ఉండాలి, గట్టిదనం కోసం కర్బనం ఎక్కువ వేస్తారు, నికెల్ దాదాపు వెయ్యరు. దాంతో తుప్పును ఆపే శక్తి గిన్నెకున్నంత చాకుకు ఉండదు. ఉప్పునీళ్లలో రాత్రంతా నానిన చాకు మీద పొద్దున్నకు గోధుమరంగు చుక్కలు కనిపించేది అందుకే. కాకినాడ, విశాఖ లాంటి ఊళ్లలో సముద్రపు గాలికి ఇంకా తొందర.

ఒక ఒరలో రెండు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అంటాం. పార్టీలో ఇద్దరు నాయకుల గురించో, ఒక ఇంట్లో ఇద్దరు పెత్తందార్ల గురించో ఆ మాట వాడి వాడి, అది మొదట కత్తుల గురించిన మాటేనని మరిచిపోయాం. మా సొరుగు రోజూ ఆ మాటను ఉన్నదున్నట్టు నిరూపిస్తూ ఉండేది.

కత్తి అంచు అంటే రెండు పక్కలా అరగదీసిన వాలులు కలిసే గీత. పడమటి దేశాల కత్తుల్లో ఒక్కో వాలు సుమారు 20 డిగ్రీలు, జపాన్ కత్తుల్లో 15 దాకా ఉంటుంది. ఆ రెండు వాలులు కలిసే చోట ఉక్కు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పల్చన. టమాటా తొక్క మీద జారకుండా దిగేది ఆ పల్చదనం వల్లే. సొరుగు తెరిచి మూసిన ప్రతిసారీ అది వెళ్లి తురుముపీటకో గరిటెకో ఇంకో కత్తికో తగులుతుంది. మెత్తని ఉక్కయితే అంచు ఒక పక్కకు ఒరిగిపోతుంది, గట్టి ఉక్కయితే పెచ్చులూడుతుంది. ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ కొలతలో చెబుతారు. జర్మన్ రకం కత్తులు ఎక్కువగా 56-58 దగ్గర, జపాన్ కత్తులు 60 పైన ఉంటాయి. అంటే ఆ రెండింటినీ పక్కపక్కన పడేస్తే గట్టిది మెత్తదాన్ని గీరుతుంది, తనూ పెచ్చులు పోగొట్టుకుంటుంది. ఇమడవు అన్న మాట అక్షరాలా నిజం.

కత్తి మొద్దుబారగానే మనం తిట్టేది కంపెనీని. ఈ కాలం కత్తులకు పదునెక్కడ నిలుస్తుంది అంటాం. తరవాత వీధిలో సాన పట్టే ఆయన సైకిలు వినపడితే పరిగెత్తుతాం. సైకిలుకు బిగించిన సానచక్రాన్ని ఆయన తొక్కుతుంటే లేచే నిప్పురవ్వల్ని చూడటం ఇప్పటికీ నాకు సరదానే. కానీ ఆ రవ్వలన్నీ మన కత్తే. సాన పట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది. సొరుగు చేసిన పాపానికి కత్తి ఒళ్లు కరిగించుకుంటుంది.

గ్రానైటు గట్టు మీదా స్టీలు పళ్లెంలోనూ తరిగే అలవాటు గురించి మాట్లాడితే నా కాలమ్ చాలదు. అది ఇంకో ఆదివారం.

దుకాణంలో ఏముంది?

మొదట చూపించేది చెక్క దిమ్మ. ఏటవాలుగా గూళ్లు, గూటికో కత్తి, చూడటానికి సినిమాలో వంటిల్లులా ఉంటుంది. నాకు మాత్రం మన ఇళ్లకు అన్నిటికంటే నప్పనిది ఇదే అనిపిస్తుంది. వానాకాలంలో అప్పడం గంటలో మెత్తబడే ఊళ్లు మనవి. కొంచెం తడి ఉండగానే కత్తి గూట్లోకి వెళితే ఆ తడి అక్కడే ఉంటుంది. లోపల బూజు పట్టినా కనపడదు, కనపడినా బ్రష్షు దూరదు. గూళ్లు నిలువుగా ఉంటే పెట్టిన ప్రతిసారీ అంచు చెక్క మీద రాసుకుంటూ దిగుతుంది. కొనేస్తే మాత్రం కత్తి వెన్ను కిందికి ఉండేలా తిప్పి పెట్టండి. ఇంకోటి, దిమ్మతో పాటు బ్రెడ్డు కోసే రంపపు కత్తీ, మాంసపు ముక్కలు కోసుకు తినే బల్లకత్తులూ అంటగడతారు. రోజూ వంకాయలు, ఉల్లిపాయలు తరిగే ఇంట్లో వాడేవి రెండే. మిగతా గూళ్లలో బొద్దింకలు కాపురం పెడతాయి. మిక్సీ, గ్రైండరు, కుక్కరు, నీళ్ల ఫిల్టరు ఇప్పటికే ఆక్రమించిన గట్టు మీద ఇంకో జానెడు చోటు ఎక్కడిది? గూళ్లకు బదులు ప్లాస్టిక్ పుల్లల కుచ్చు ఉండే రకం కొంత నయం, కుచ్చును బయటికి తీసి కడగొచ్చు.

తరవాతది గోడకు బిగించే అయస్కాంతపు పట్టీ. చూరు దగ్గరికి వచ్చేది ఇదొక్కటే. గాలి ఆడుతుంది, తడి ఆరిపోతుంది, ఏ కత్తి ఎక్కడుందో కళ్లకు కనపడుతుంది, ఒకదానికొకటి తగలవు. కాకపోతే పెట్టడం తెలియాలి. ముందు వెన్ను ఆనించి, తరవాత మెల్లగా అంచువైపు వాల్చాలి. తీసేటప్పుడు దానికి వ్యతిరేకంగా, అంచు ముందు లేవాలి. టప్పుమని అంటించి సర్రున లాగితే సొరుగు చేసే నష్టమే ఇదీ చేస్తుంది. పైన చెక్క తొడుగున్న పట్టీ అయితే అంచుకు మెత్తన. పింగాణీ కత్తులు దీనికి అంటుకోవు. జిగురు టేపుతో అంటించే రకాన్ని నమ్మకండి. మన వంటింటి ఆవిరికి క్యాలెండరే ఊడిపోతుంది, అరకిలో ఉక్కు ఎలా నిలుస్తుంది? పలకలకు చిల్లులు వేయించి మరలు బిగించాల్సిందే. అద్దె ఇల్లయితే ఓనరును అడగాలి, ఆ తరవాత మీ అదృష్టం.

పొయ్యి పైగోడ మాత్రం వద్దు. మన వంటంటే తాలింపు. నూనె పొగ రోజుకు రెండుసార్లు లేచి కత్తుల మీద జిడ్డుగా పేరుకుంటుంది, దాని మీద దుమ్ము. పైగా కత్తి జారితే మరుగుతున్న సాంబారులోకి. సింకుకూ తరిగే పలకకూ మధ్య గోడ ఉంటే అదే సరైన చోటు. మోచేయి తగలని ఎత్తులో, పిల్లలు ముక్కాలిపీట ఎక్కినా అందని ఎత్తులో ఉండాలి.

నేను ఆ పట్టీ బిగించిన వారానికి అమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, "ఏంటే ఇది, వంటిల్లా మాంసం కొట్టా?" అంది. నవ్వాను గానీ ఆ మాటలో కొంత పస ఉంది. ఆయుధాలు ఎదురుగా వేలాడటం మన కళ్లకు అలవాటు లేదు. దసరాకు మహానవమి నాడు కత్తిపీటకు పసుపు రాసి బొట్టు పెడతాం, మర్నాడు మళ్లీ గోడవైపు తిప్పేస్తాం. పదును ఉందని తెలిస్తే చాలు, కనపడక్కర్లేదు.

అలా కనపడకూడదనుకునే వాళ్లకు సొరుగులో పెట్టే గాళ్ల పలక ఉంది. ఒక్కో కత్తి ఒక్కో గాడిలో అంచు కిందికి చేసి పడుకుంటుంది, పిడులన్నీ ఒకవైపు. పిల్లలు కాస్త పెద్దవాళ్లయిన ఇంటికి నా ఓటు దీనికే. పాకే పిల్లలుంటే సొరుగుకు లోపలి నుంచి గొళ్లెం కావాలి. కొనేముందు టేపు పట్టుకుని కొలవండి. 8 అంగుళాల కత్తి అంటే అది అంచు పొడవు మాత్రమే, పిడితో కలిపి 13 అంగుళాల దాకా వస్తుంది. మాడ్యులర్ కిచెన్లలో చెంచాల కోసం చేసే పై సొరుగు లోతు తక్కువ, పలక మీద లావు పిడి ఉంటే మూత పడదు. ఈ కొలత తెలియక నేను పలకను ఒకసారి వెనక్కి ఇచ్చి రావాల్సి వచ్చింది.

వీటన్నిటికంటే నాకు నచ్చింది దుకాణంలో లేదు. జపాన్ ఇళ్లలో సింకు కింద అల్మారా తలుపు లోపలివైపున కత్తులు దూర్చుకునే చట్రం బిగించి ఉండటం మామూలు. చాలావాటికి పిల్లలు తీయకుండా చిన్న తాళం కూడా ఉంటుంది. కడిగావు, తుడిచావు, నిలబడ్డ చోటే తలుపు తెరిచి పెట్టేశావు. ఒక్క అడుగు కూడా వెయ్యక్కర్లేదు. మన వడ్రంగి గంటలో చేసిపెట్టగల పని. కాకపోతే మన సింకు కింద చెత్తబుట్ట ఉంటుంది, కారే పైపు ఉంటుంది. కాబట్టి పక్క తలుపు నయం. నాకిది ఎందుకు నచ్చిందంటే, దీన్ని ఆలోచించినవాళ్లు కత్తిని చూడలేదు, కత్తి పట్టుకున్న మనిషి ఎక్కడ నిలబడతారో చూశారు. రెండు అడుగుల దూరంలో ఉన్న అందమైన స్టాండు కంటే చెయ్యి చాపితే అందే అట్టముక్క మేలు.

శుభలేఖతో ఒర

అట్టముక్క అని ఊరికే అనలేదు. జపాన్ వంటవాళ్లు కొందరు కత్తికి సాయా అనే చెక్క ఒర తొడుగుతారు, సాధారణంగా మాగ్నోలియా జాతి చెట్టు కలపతో. వాళ్ల పాత ఖడ్గాలకూ అదే కలప ఒరలు. ఫ్రిజ్ మీది కత్తికి అలాంటిదొకటి కొందామని చూస్తే ఒర ధర నా మిగతా కత్తులన్నిటి ధర కంటే ఎక్కువ. అప్పుడు కళ్లు బల్ల మీది శుభలేఖ మీద పడ్డాయి.

ఈ మధ్య మన శుభలేఖలు పెళ్లిళ్లకు తగ్గట్టే బరువెక్కాయి. అట్ట మందంగా, నునుపుగా, లోపల పట్టుగుడ్డ కూడా. పెళ్లయ్యాక పారెయ్యడానికి మనసొప్పదు, దాచడానికి చోటుండదు. దాన్ని కత్తి పొడవు కంటే వేలెడు ఎక్కువగా కత్తిరించి నిలువుగా మడవాలి. కత్తి వెన్ను మడతవైపు ఉంటుంది. అంచువైపు రెండు అట్టల మధ్య ఒక సన్నని అట్టపట్టీ పెట్టి, దాని బయట టేపు వెయ్యాలి. ఈ పట్టీ మరిచిపోతే అంచు రెండు రోజుల్లో టేపును తెగ్గోసి బయటికొస్తుంది. తోలు ఒరలు కుట్టేవాళ్లు కూడా కుట్టు తెగకుండా లోపల అలాంటి పట్టీయే వేస్తారు. మొన దగ్గర ఇంకో మడత. అంతే. ఇప్పుడా కత్తి ఏ సొరుగులో పడుకున్నా ఎవరికీ హాని లేదు, దానికీ లేదు. తడి కత్తిని మాత్రం ఇందులో దూర్చకూడదు, అట్ట తడి పీల్చుకుని తుప్పు పట్టిస్తుంది. కొన్ని నెలలకు అట్ట నలిగిపోతుంది, అప్పటికి ఇంకో పెళ్లి వస్తుంది. కొనుక్కునే ప్లాస్టిక్ తొడుగులూ ఉన్నాయి, అవీ పనికొస్తాయి. కానీ "చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి" అన్న అక్షరాల మధ్య నుంచి కత్తి దూయడంలో ఉన్న సరదా వాటిలో లేదు.

పారేసే కత్తికి కూడా ఒర కావాలి. మొద్దుబారిందనో పిడి ఊడిందనో విరిగిన చాకును చెత్త కవరులో వేసేస్తాం. పొద్దున్నే చెత్త బండి మీద ఆ కవరును చేత్తో విప్పి తడీ పొడీ వేరు చేసే మనిషి ఒకరుంటారు. పాత అట్టలో చుట్టి, నాలుగు చుట్లు టేపు వేసి, మీద పెద్దక్షరాలతో కత్తి అని రాసి, బండి వచ్చినప్పుడు చేతికే ఇవ్వండి. చేతికి చెయ్యి ఇవ్వకూడదన్న అమ్మమ్మ చట్టాన్ని నేను ఉల్లంఘించేది ఇక్కడే.

తమ్ముడికి ఈ సంగతంతా ఫోనులో చెబితే వాడు నవ్వాడు. కిందటిసారి వచ్చినప్పుడు వాడు సామాన్ల పెట్టెలో చీరల మధ్య చుట్టి ఓ చిన్న కత్తిపీట పట్టుకుపోయాడు. విమానంలో చేతిసంచిలో కత్తులు ఒప్పుకోరు కాబట్టి పెట్టెలో వెయ్యాల్సిందే. అక్కడ వాళ్లింట్లో గిన్నెలు కడిగే యంత్రంలో కత్తులు వేసి మొద్దుబార్చుకుంటున్నారట. వేడీ, ఘాటు సబ్బుపొడీ, లోపల ఒకదానికొకటి తగులుకోవడం, అన్నీ కలిసి చేసే పని. కత్తిపీట ఆ యంత్రంలో పట్టదు. అందుకని అదొక్కటే రోజూ చేత్తో కడిగించుకుని, తుడిపించుకుని, దర్జాగా ఉందట.

ఇప్పుడు మా వంటింట్లో సింకు పక్కన రెండు చాకులు పట్టీ మీద ఉన్నాయి, అమ్మ వచ్చినప్పుడు సొరుగులోకి వెళతాయి. జపాన్ కత్తి ఫ్రిజ్ దిగి, మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లి శుభలేఖలో ఉంటోంది. సింకు అంచున ఒక ఖాళీ స్టీలు గ్లాసు పెట్టాను. తరగడం మధ్యలో ఎవరైనా పిలిచినా, చాకు కడిగే తీరిక లేకపోయినా, అది మొన కిందికి చేసి ఆ గ్లాసులోకి. గ్లాసు ఆలోచన నాది కాదు, అంట్లు తోమే ఆమెది. చేతులు తుడుచుకుని మొదట గ్లాసు వంక చూసి, చాకు అందులో ఉంటే తీసి కడిగి పట్టీకి పెట్టేసి, అప్పుడు గిన్నెల్లోకి చెయ్యి పెడుతుంది. గ్లాసు ఖాళీగా ఉన్న రోజున మాత్రం నన్ను పిలిచి అడుగుతుంది, కత్తి ఎక్కడుందని.